పూలమ్మ జీపూ, పగబట్టిన ఇరుసూ

బాన్సువాడలో జీపులున్న మగవాళ్లు చాలామందే ఉన్నారు. జీపున్న ఆడమనిషి మాత్రం పూలమ్మ ఒక్కతే. ఆ జీపుకు హారన్ లేదు. పూలమ్మ గొంతుండగా హారన్ దండగ. ఒకసారి బస్టాండు ముందర ఆమె "జరుగుండ్రి!" అని అరిస్తే బోధన్ బస్సు పది గజాలు తనంతట తానే వెనక్కి పోయిందని చెప్పుకుంటారు. పోలేదనేవాళ్లు ఆ రోజు అక్కడ లేరు, అంతే.

మనిషి చూస్తే పొట్టి. రెండు గోనెసంచులు మడతపెట్టి మీద కూర్చుంటే గానీ అద్దంలోంచి రోడ్డు కనబడదు. మూడో తరగతిలో పలక పగిలిందని బడి మానేసింది. ఆ పలక ఎవరి తలమీద పగిలిందో ఆ పంతులుకు తెలుసు. పన్నెండేళ్లకు నాట్లలోకి దిగింది, ఇప్పుడు నలభై ఎనిమిది. ముప్పై ఆరేళ్లు వానాకాలం, యాసంగి బురదలో నిలబడితే పిక్కల మీద ఒక గీత పడుతుంది. బురద ఎంతవరకు వస్తుందో అంతవరకు చర్మం ఒక రంగు, ఆ పైన ఇంకో రంగు. ఆ గీత సబ్బుకు పోదు, సున్నిపిండికీ పోదు.

జీపు నిజానికి మొగుడు ఎల్లన్నది. నాలుగు చక్రాలూ తిరిగే పాత బండి. పిట్లం దాకా మనుషులను వేసుకుని తిప్పేవాడు. చూపు మందగించి, ఒకనాడు రోడ్డుపక్క నిలబడ్డ బర్రెను చూసి "యాడికి పోవాలె అక్కా?" అని బండి ఆపాడు. ఆ సాయంత్రమే పూలమ్మ స్టీరింగు పట్టుకుంది. ఏడేళ్ల నుంచి వదల్లేదు.

నాట్ల కాలం వస్తే పద్నాలుగు మంది ఆడవాళ్లను, నారుకట్టలను జీపులో వేసుకుని వర్ని దిక్కు క్యాంపులకు పోతుంది. క్యాంపు అంటే కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. అక్కడి పొలాలకు పోయే దారులు వానాకాలంలో దారులు కావు, పాయసం. అందులో పూలమ్మ జీపు ఒక్కటే నడిచేది. ఒకసారి కూరుకుపోయిన కోతమిషన్‌కు తాడు కట్టి లాగితే, మిషన్‌తో పాటు రెండు గుంటల పొలం కూడా గట్టుదాటి వచ్చిందట. ఆ రైతు పట్టా కాగితం ఇంకా సరిచేయించుకోలేదు.

అలాంటి పూలమ్మను ఒక పిల్లకాయ బాన్సువాడ బజార్లో వెనక్కి ఊరేగించాడు.

వాడి పేరు రాజాబాబు. క్యాంపు రైతు కొడుకు, ఇరవై ఆరేళ్లు. తండ్రి వరి పండిస్తాడు, కొడుకు వీడియోలు పండిస్తాడు. వాడికీ ఒక జీపుంది. దానికి ముందర ఎనిమిది లైట్లు, మీద నాలుగు లైట్లు. రాత్రిపూట వస్తుంటే కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి. పోయిన వానాకాలం, క్యాంపు కింది దారిలో పూలమ్మ జీపు వెనక ఇరుసు ఫట్‌మని విరిగింది. బండిలో పద్నాలుగు మంది, మీద నారుకట్టలు. పూలమ్మ దిగి చూసేసరికి రాజాబాబు గట్టుమీద ఫోను పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏంటి పూలమ్మా, బండి పడుకుందా? జోల పాడమంటావా?"

"తాడు గట్టు బాబు. రోడ్డు దాకా గుంజితే సాలు."

"రోడ్డు దాకా ఎందుకు, ఇంటి దాకా దింపుతాలే. మన పూలమ్మవి కదా."

విరిగిన వెనక చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి కట్టాలన్నాడు. అందుకని తాడు వెనకనుంచి కట్టాడు. అక్కడిదాకా న్యాయమే. కానీ పక్కనుంచి పోయే దారి ఉండగా, వారం అంగడి నడుస్తున్న వేళ, పాత బజారు గుండా, బస్టాండు ముందునుంచి, నడక వేగంతో, పాటలు పెట్టి లాక్కుపోయాడు. స్టీరింగు ముందర పూలమ్మ. ఊరంతా ఆమెకు ఎదురుగా కాక వెనక్కి పోతోంది. పద్నాలుగు మంది కొంగులు మొహాన కప్పుకున్నారు. పూలమ్మ కప్పుకోలేదు. నవ్విన ప్రతి మొహాన్నీ చూసింది, ఒక్కటీ మరవలేదు.

ఆ వీడియో నిజామాబాద్ దాకా పోయింది. వారానికల్లా చిన్నపిల్లలు కూడా "రివర్స్ పూలమ్మ" అనడం మొదలుపెట్టారు. ఆ నవ్వు మీదనే రాజాబాబు క్యాంపు నాట్లు కూడా ఎగరేసుకుపోయాడు. బయటి రాష్ట్రం నుంచి ఎనిమిది మంది కూలీలను రప్పించి, తన జీపులో దింపి, "ఇక ఆ డొక్కు బండి కోసం చూడక్కర్లేదు" అని రైతులందరికీ చెప్పాడు. పూలమ్మ ముఠా ఆ ఏడాదంతా సోయా చేన్లలో కలుపు తీసింది.

గంగాధర్ అనే మెకానిక్ ఒక పాత ముక్క వేసి బండిని రోడ్డుమీద నడిచేలా చేశాడు. బురదలోకి మాత్రం దింపొద్దన్నాడు. పూలమ్మ సరేనంది. విరిగిన ముక్కను ఇంటికి తెచ్చి మంచం కోడుపక్కన పెట్టుకుంది. పొద్దున లేవగానే కొందరు చేతులు చూసుకుంటారు, కొందరు దేవుణ్ణి చూస్తారు. పూలమ్మ పదినెలలు ఆ ఇనుపముక్కను చూసింది.

"పారేయరాదే," అన్నాడు ఎల్లన్న ఒకసారి. "కాలికి తాకుతున్నది."

"తాకనీ. నాకు ఇంకా లోపల తాకుతున్నది."

ఈ ఏడాది రోహిణి కార్తెలో క్యాంపు నుంచి కబురొచ్చింది. పంపింది వెంకటరత్నమ్మ. డెబ్భై దాటిన మనిషి, క్యాంపులో పెద్ద రైతు. ఆవిడ కింది మడిలో మొదటి నాటు పడితేనే మిగతా క్యాంపు నాట్లు మొదలుపెడుతుంది. అది వాళ్ల ఆనవాయితీ. పూలమ్మ పోయేసరికి రాజాబాబు అక్కడే ఉన్నాడు.

"పోయినేడు ఈ అబ్బాయి తెచ్చినవాళ్లు జానెడు జానెడు ఎడం వేసి నాటారు," అంది వెంకటరత్నమ్మ. "ఎకరానికి ఆరు బస్తాలు తగ్గింది. నీ వాళ్లు దగ్గరగా నాటుతారు పూలమ్మా, కానీ నీ బండి రాదాయె. నేను ఎవరి పక్షమూ కాదు. ఆరుద్రలో, మంచిరోజు చూసి చెబుతాను. మనుషులనూ నారునూ కింది మడి దాటించి అవతలి గట్టు మీద ఎవరు ముందు దింపితే, ఈ వానాకాలం క్యాంపు నాట్లన్నీ వాళ్లవే."

"అమ్మమ్మా, ఇంకా పోటీ ఎందుకు?" అన్నాడు రాజాబాబు. "పూలమ్మ రివర్సులో వస్తానంటే ముందురోజే బయల్దేరాలి కదా!"

పూలమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే బాన్సువాడలో తెలివైనవాళ్లు పిల్లలను ఇంట్లోకి పిలుచుకుంటారు. రాజాబాబు క్యాంపువాడు, వాడికి తెలియదు.

ఆ సాయంత్రం జీపు గంగాధర్ షెడ్డులో ఉంది. గంగాధర్ తక్కువ మాట్లాడే మనిషి. బోల్టు బిగిస్తూ ఒక మాట, విప్పుతూ ఒక మాట.

"రెండు తొవ్వలున్నయి అక్కా," అన్నాడు. "ఒకటి, ఉన్న ఇరుసునే గట్టి చేసుడు. పై గొట్టం గట్లనే ఉంటది. లోపల చక్రాలను తిప్పే రెండు షాఫ్టులు లావువి ఏస్త. మధ్యల పండ్ల చక్రాలుండే కుండ ఉన్నది సూడు, దాంట్ల లాక్ పెడ్త. ఇప్పుడు ఒక చక్రం బురదల జారితే అదొక్కటే పిచ్చోని లెక్క తిరుగుతది, రెండోది సూసుకుంట నిలవడ్తది. లాక్ పెడితే రెండూ కలిసే తిరుగుతయి."

"రెండోది?"

"మొత్తం ఇరుసునే తీసి పారేసుడు. డోంగ్లి దగ్గర హీరాబాయి తుక్కు దుకాణంల సామాన్ల లారీది ఒకటున్నది. మనిషి తొడంత లావు. గది ఇరగది. నువ్వు ఇరుగుతవు గని అది ఇరగది."

పూలమ్మ కళ్లు మెరిశాయి. పగబట్టిన మనిషికి పెద్ద వస్తువు అందంగా కనిపిస్తుంది.

"గదే కావాలె."

"ముందుగాల సూడు అక్కా."

మరునాడు ఇద్దరూ డోంగ్లి పోయారు. హీరాబాయి ముక్కుపుడక సవరించుకుని, టైర్లతో సహా నేలమీద నిలబడ్డ ఆ ఇరుసును చూపించింది. "బఘ్ తాయీ! హత్తీ ఆహే, హత్తీ!" అంది. ఏనుగట. ఏనుగే. దాని మధ్యలోని కుండ పెళ్లి వంటల డేగిసా అంత ఉంది. పూలమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఒక్క క్షణం, ఆ ఇరుసు తన జీపు కింద ఉన్నట్టూ, రాజాబాబు బండి దాని వెనక తాడుకు కొట్టుకుంటూ వస్తున్నట్టూ, అంగడి అంతా చూస్తున్నట్టూ కళ్లకు కట్టింది. నోట్లో నీళ్లూరాయి.

తరువాత ఆమె చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, ఆ టైరు పక్కన కాలు పెట్టి నిలబడింది.

"ఏం జేస్తున్నవు అక్కా?"

"ఆగు తమ్మీ."

క్యాంపు కింది మడిలో ఆమె ముప్పై ఆరేళ్లు నిలబడింది. అక్కడ బురద ఎంత లోతో, అడుగున గట్టినేల ఎక్కడ తగులుతుందో ఏ ఇంజనీరూ చెప్పలేడు, పూలమ్మ పిక్క చెబుతుంది. చక్రాలు ఆ గట్టినేల మీద నడవాలి. బురద ఆమె పిక్క గీత దాకా వస్తుంది. మరి ఈ ఏనుగు కుండ అడుగు ఎక్కడుంది? ఆమె వంగి చూసింది. గీతకు నాలుగు వేళ్ల కింద ఉంది.

నాలుగు వేళ్లు. అంటే కింది మడిలో ఇది నడవదు, దున్నుతుంది. పది గజాలు పోయేసరికి ముందర బురద కుప్పపడి లంగరేసినట్టు కూర్చుంటుంది.

"మన పాత కుండ?" అంది.

గంగాధర్ జేబులోంచి టేపు తీసి, ఆమె పిక్క గీత ఎత్తు కొలుచుకుని, లెక్కేసి, తల గోక్కున్నాడు. "గీతకు రెండు వేళ్లంత మీద."

"అయితే నా పాతదే గట్టి చెయ్యి. లాక్ పెట్టు."

"సాలు అక్కా. నువ్వు మెకానిక్ పని జేస్తే నా షెడ్డు బందయితుండె."

"ఇంకో మాట. ఈ ముచ్చట నీకు, నాకు, ఈ ఇనుముకు తప్ప ఎవ్వలికి తెల్వద్దు."

గంగాధర్‌కు అర్థం కాలేదు. గురువారం పొద్దున అర్థమయింది. బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో, రాజాబాబు దోస్తులు ముగ్గురు కూర్చున్న బల్ల పక్క బల్ల దగ్గర, పూలమ్మ తన హారన్ లాంటి గొంతుతో మొదలుపెట్టింది.

"ఇగ సూడు తమ్మీ, శనారం పోయి డోంగ్లి యాక్సిల్ తెచ్చుకుందం. ఇసొంటిది జిల్లా మొత్తంల ఒక్కటే ఉన్నదట. అది ఏసుకున్న బండికి చెరువులు అడ్డమొస్తే చెరువులే జరుగుతయట. రాజాబాబు లైట్లు పెట్టుకోని ఎన్క ఎన్క రావాలె, నా బురద తాగుకుంట."

గంగాధర్ చాయ్‌లో ముఖం దాచుకున్నాడు. పక్క బల్ల మీద ఒక ఫోను బయటికొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆ ఏనుగు రాజాబాబుది. హీరాబాయి చెప్పిన ధరకు ఇంకో సగం కలిపి ఇచ్చాడట. బోధన్‌లో రెండురోజులు నిలబడి జీపుకు వేయించుకున్నాడు. వీడియో కూడా పెట్టాడు. అందులో ఇరుసును ముద్దు పెట్టుకున్నాడు.

గంగాధర్‌కు మనసు కొట్టుకుంది. "చెప్పాలె గదా అక్కా. ఇనుము పనిల అబద్దం ఆడొద్దంటరు. మధ్యల కుండ బురదకు ఆనుతదని ఒక్క మాట..."

"నేనేం అబద్దమాడిన? తెచ్చుకుందమన్న. తెచ్చుకోలే. వాడు తెచ్చుకుండు. నేను ఇరుసు తీస్కపోయి వాని బండి కింద ఏసిన్నా?"

"పాపం పోరడు..."

"పాపమా? నా పద్నాలుగు మంది మొకాల మీద కొంగులు గప్పుకున్ననాడు పాపం యాడికి పోయింది? అంగట్ల మిరపకాయలు కొంటుండెనా?" పూలమ్మ ఆ మాట అరవలేదు. నెమ్మదిగా అంది. గంగాధర్ పానా తీసుకుని బండి కిందికి దూరాడు.

పనంతా అయ్యాక తాళాలు ఇస్తూ మాత్రం ఒకటి చెప్పాడు. "షాఫ్టులు కొత్తయి, లాక్ కొత్తది. కని పై గొట్టం ముప్పై ఏండ్లది. నీ బండిని, నీ మందిని మోస్తది. ఇంకో బండిని గుంజకు. గుంజినవనుకో, గొట్టం నిలువున పలుగుతది. ఈ కాలం మొత్తం ఇంట్ల కూసుంటవు."

పూలమ్మ సరేనంది. సీటు కింద కొత్త నైలాన్ తాడు అప్పటికే పెట్టుకుంది. చూసి కూడా గంగాధర్ చూడనట్టే ఉన్నాడు.

ఆరుద్ర కార్తె మూడోనాడు, పొద్దున ఏడింటికి, కింది మడి గట్టుమీద సగం క్యాంపు నిలబడింది. మడి అంతా దమ్ము చేసి అద్దంలా చదును చేసి ఉంది. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు నూటయాభై గజాలు. వెంకటరత్నమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంది. రాజాబాబు జీపులో ఎనిమిది మంది కూలీలు, వెనక నారుకట్టలు. లైట్లన్నీ వేసి ఉన్నాయి, పట్టపగలు. పూలమ్మ జీపులో పద్నాలుగు మంది, నారుకట్టలు, ముందర సీట్లో పెంటవ్వ. పెంటవ్వకు అరవై అయిదు. ముఠాలో అందరికంటే పెద్దది, నోరు అందరికంటే చిన్నదేమీ కాదు.

"ఏం బాబు," అంది పెంటవ్వ, "గన్ని లైట్లు పెట్టినవు, సూర్యునికి చీకటయితున్నదా?"

"నువ్వు గట్టిగా పట్టుకో ముసలమ్మా, మళ్లీ వెనక్కి పోవాల్సి వస్తుందేమో!"

వెంకటరత్నమ్మ గొడుగు దించింది. రాజాబాబు ఒక్క దూకు దూకాడు. బురద రెండు పక్కలా రెక్కల్లా లేచింది. గట్టుమీద కుర్రాళ్లు ఈలలు వేశారు. ఇరవై గజాలు. ముప్పై. పూలమ్మ ఇంకా గట్టు దిగలేదు. పెంటవ్వ ఆమె భుజాన్ని గిల్లింది.

"పోవేందే? దిష్టి తీస్తున్నవా?"

"ఆగు అవ్వా. ముందుగాల ఆయన దుక్కి దున్ననీ."

నలభై గజాల దగ్గర జీపు మందగించింది. యాభై దగ్గర ఇంజను గొంతు మారింది. వెనక ఇరుసు ముందర బురద కుప్పపడి, బండి ముక్కు కాస్త లేచి, వెనక భాగం కూర్చుంది. రాజాబాబు గట్టిగా తొక్కాడు. చక్రాలు తిరిగాయి. తిరిగిన కొద్దీ తవ్వుకున్నాయి. అడుగు గట్టినేల కూడా తెగింది. ఏనుగు విరగలేదు, గంగాధర్ అన్నమాట నిజమే. అది చక్కగా పొట్ట బురదలో ఆనించి పడుకుంది.

అప్పుడు పూలమ్మ గేరు వేసింది. లాక్ పట్టిన రెండు చక్రాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు కలిసి తిరిగాయి. బండి తొందరపడలేదు, జంకలేదు. రాజాబాబు జీపు పక్కనుంచి పోతూ పూలమ్మ తల తిప్పి చూసింది. వాడి ఫోను చేతిలోనే ఉంది, కానీ వీడియో తీయడం మరిచిపోయాడు. ఆమె అవతలి గట్టు ఎక్కి పద్నాలుగు మందినీ దింపేసరికి వెంకటరత్నమ్మ కుర్చీలోంచి లేచింది.

"అయిపోయింది," అంది. "నాట్లు పూలమ్మవి."

అక్కడితో ఆగితే అది పందెం అవుతుంది, పగ కాదు. పూలమ్మ జీపు మళ్లించుకుని, వచ్చిన జాడలోనే రాజాబాబు జీపును దాటి, దాని వెనక పది గజాల దూరంలో ఆపింది. సీటు కింది తాడు తీసింది. కుచ్చిళ్లు దోపుకుని బురదలోకి దిగి, వాడి బండి వెనక కొక్కేనికి తానే ముడివేసింది.

"పూలమ్మా," అన్నాడు రాజాబాబు, గొంతు తగ్గించి, "గట్టు దాకా లాగితే చాలు."

"గట్టు దాకా ఎందుకు బాబు? ఇంటి దాకా దింపుత. ఇయ్యాల బాన్సువాడ అంగడే. పాత బజారు నుంచి పోదాం."

గట్టుమీద నవ్వులు లేచాయి. ఆ నవ్వుల కోసం ఆమె పదినెలలు ఎదురుచూసింది. స్టీరింగు పట్టుకుని మొదటి గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదిలింది. తాడు బిగిసింది. ఏనుగు కదల్లేదు. ఇంకాస్త తొక్కింది. అప్పుడు తన సీటు కింద, వెనక ఎక్కడో, ఎండిన కొమ్మ మీద కాలు పెట్టినట్టు టిక్కుమంది.

పూలమ్మ కాలు పెడలు మీదనుంచి లేచిపోయింది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ల గొట్టం మాట్లాడింది. ఇంకొక్క తొక్కుడు తొక్కితే రాజాబాబు బయటపడతాడు, లేదా రెండు జీపులూ ఇక్కడే పక్కపక్కన కూర్చుంటాయి. పద్నాలుగు మంది మళ్లీ సోయా చేన్లకు పోతారు. ఒక దిక్కు పాత బజారు, ఇంకో దిక్కు క్యాంపు నాట్లన్నీ. ఆమె స్టీరింగు మీద పిడికిళ్లు అట్లాగే బిగించి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దయతో కాదు, కోపంతో.

"ఏమైందే?" గట్టుమీదినుంచి పెంటవ్వ అరిచింది.

పూలమ్మ దిగి, పోయి, తాడు విప్పింది.

రాజాబాబుకు ప్రాణం లేచొచ్చింది. "ఏంటి పూలమ్మా, భయమేసిందా? పర్లేదులే. మా నాన్న ఇనుప చక్రాల ట్రాక్టరు పంపుతున్నాడు. అరగంటలో బయట ఉంటా. నువ్వు నాట్లు వేసుకో, నేను మధ్యాహ్నం వీడియో పెడతా, బజారు దాకా లాగుతానని తాడు విప్పేసిన పూలమ్మ అని." వాడు ఫోను మళ్లీ పైకెత్తాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బురదలో కూర్చున్నవాడు ట్రాక్టరు వచ్చేదాకా నోరు మూసుకోవాలని వాడికి ఎవరూ నేర్పలేదు.

పూలమ్మ ట్రాక్టరు రావలసిన దిక్కు చూసింది. కాలువ గట్టు మీద ఇంకా దుమ్ము లేవలేదు. నారుకట్టల వైపు చూసింది. వెంకటరత్నమ్మ వైపు చూసింది.

"అమ్మగారూ, మొదటి నాటు ఎవలు మొదలుపెట్టాలె?"

"గెలిచినవాళ్లు. ఈశాన్యం మూల నుంచి."

"ఈశాన్యం మూల ఒక్క పిడికెడు ఏసి, మిగిలింది యాడికెళ్లి ఏసుకున్నా మా ఇష్టమే గదా?"

వెంకటరత్నమ్మ డెబ్భై ఏళ్లు వరి చూసిన మనిషి. ఆమె మడి మధ్యలో కూర్చున్న జీపును చూసింది, పూలమ్మను చూసింది. పోయినేడు తగ్గిన బస్తాలు గుర్తొచ్చినట్టున్నాయి. గొడుగు మళ్లీ విప్పుకుంది.

"నా మడి. ఎక్కడినుంచైనా వేసుకో."

పూలమ్మ తన జీపును మెల్లగా ఇవతలి గట్టు ఎక్కించింది. ఈశాన్యం మూలకు ఒక పిడికెడు పడింది. ఆ తరువాత పద్నాలుగు మంది నారుకట్టలు చంకన పెట్టుకుని నేరుగా జీపు దగ్గరికి నడిచారు. చుట్టూ నిలబడ్డారు. వంగారు.

పూలమ్మ ముఠా చేతివేగం గురించి చాలా చెబుతారు. వాళ్లు నాటుతుంటే కొంగ ఒంటికాలి మీద నిలబడి రెండోకాలు దించేలోపు చుట్టూ మడి నిండిపోయి, అది పొద్దుగూకేదాకా ఒంటికాలి మీదనే ఉండిపోయిందట. ఆ రోజు మాత్రం అబద్ధం అవసరం లేకపోయింది. టైర్లకు బెత్తెడు దూరం నుంచి మొదలుపెట్టి, చుట్టూ చుట్టూ, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటారు. రాజాబాబు కూలీలు ఎనిమిది మంది కాసేపు బురదలో నిలబడి చూశారు. పెంటవ్వ వాళ్ల ముందర నారుకట్ట పడేసింది.

"ఏంది సూస్తున్నరు? నాటెయ్య వస్తిరా, సినిమా సూడ వస్తిరా? దగ్గర దగ్గర ఎయ్యుండ్రి. ఇయ్యాలటి కూలి మాతోని సమానం."

వాళ్లకు మాట అర్థమయిందో లేదో గానీ నారు అర్థమయింది. వాళ్లు వచ్చింది నాట్లు వేయడానికి. వేశారు.

"ఏయ్! ఏం చేస్తున్నారు? ట్రాక్టరు ఎటునుంచి వస్తుంది? పూలమ్మా! దారి వదలండి!" రాజాబాబు బానెట్ మీదికెక్కి నిలబడ్డాడు. ఎవరూ తలెత్తలేదు. ఇరవై రెండు నడుములు వంగి ఉన్నాయి, నలభై నాలుగు చేతులు నడుస్తున్నాయి.

ట్రాక్టరు వచ్చేసరికి జీపు చుట్టూ నాలుగు దిక్కులా ముప్పై గజాలు పచ్చగా ఉంది. డ్రైవరు ఇనుప చక్రాలు గట్టు దింపబోయాడు. వెంకటరత్నమ్మ కుర్చీలోంచి లేవకుండానే గొడుగు అడ్డం పెట్టింది.

"ఎక్కడికి నాయనా?"

"జీపు లాగాలమ్మా."

"నాటు పడింది, కనబడటం లేదా? నాటు పడిన మడిలో కోతలదాకా చక్రం దిగదు. మా మామగారి కాలం నుంచి క్యాంపులో ఎవరి చక్రమూ దిగలేదు. నీ అయ్యగారిదీ దిగదు. ఆయన మడిలో నేను దింపితే ఊరుకుంటాడా, వెళ్లి అడుగు."

"అమ్మమ్మా, నా బండి!" అన్నాడు రాజాబాబు బానెట్ మీదినుంచి.

"ఉండనీరా అబ్బాయ్. ఈ ఏడు దిష్టిబొమ్మ కట్టించాలనుకున్నాను. ఖర్చు తప్పింది."

డ్రైవరు అటూ ఇటూ చూసి, ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. అరగంట సేపు రాజాబాబు బానెట్ మీదనే కూర్చున్నాడు. ఎండ ఎక్కాక ఇక లాభం లేదని బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని, ప్యాంటు మడిచి దిగాడు. దిగినవాడిని పెంటవ్వ వదల్లేదు.

"సూసి నడువు బిడ్డా! సాలు తొక్కకు! ఎడమ కాలు గీడ, కుడి కాలు గాడ. ఆఁ, ఆ మొక్క లేపి మల్ల గుచ్చు. గట్ల కాదు, ఏళ్లతోని, ముద్ద పెట్టినట్టు."

వాడు వంగి గుచ్చాడు. గట్టుమీద క్యాంపు అంతా ఫోన్లు పట్టుకుని ఉంది. యాభై గజాలు రావడానికి రాజాబాబుకు పావుగంట పట్టింది. గట్టు దగ్గర పూలమ్మ చేతులు కడుక్కుంటోంది. వాడు మోకాళ్లదాకా బురదతో ఆమె ముందర నిలబడ్డాడు. మొహంలో నవ్వూ లేదు, కోపపడటానికి ఓపికా లేదు.

"ఎన్ని రోజులు?" అన్నాడు.

పూలమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆ లెక్క ఆమెకు తెలియక కాదు. వాడు నిలబడి వినాలని, నెమ్మదిగా లెక్కపెట్టింది.

"అమ్మగారు సన్నాలు పోసింది బాబు. సన్నాలంటే నూట యాభై దినాల పంట. నారు ఇరవై అయిదు దినాలది, గవి తీసెయ్యి. నూట ఇరవై అయిదు."

వాడు జీపు వైపు తిరిగి చూశాడు.

"దొడ్డు వడ్లు పోస్తే ఒక నెల ముందుగాల బయటపడుతుంటివి," అంది పూలమ్మ, చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ. "నారు పోసేటప్పుడు అమ్మగారికి నేనే చెప్పిన, ఈ ఏడు సన్నాలకే ధర ఉన్నదని."